పీట మీద తుపాకీ

సుత్తి నా చేతికి బెత్తెడు దూరంలో పడింది. కౌంటర్ మీది అద్దం పగిలి చూయింగ్ గమ్ ప్యాకెట్ల మీదకి రవ్వలు రవ్వలుగా చిట్లింది. నా చెయ్యి మాత్రం అక్కడే ఉండిపోయింది. వెనక్కి తీసుకోవాలని కూడా నాకు తోచలేదు.

రాయడం నాకు అలవాటు లేదు. ఐదో తరగతి దాకా చదివాను, అందులో సగం రోజులు పొలానికే పోయాను. తప్పులుంటే సర్దుకోండి. ఈ సంగతి నోటితో ఎవరికి చెప్పినా పడీ పడీ నవ్వుతున్నారు. ఇది నవ్వే సంగతి కాదు. అందుకని రాస్తున్నాను.

మేం సీమ నుంచి వచ్చి ఈ దేశంలో పడ్డవాళ్ళం, మాది హెండర్సన్‌లో ఒక డైరీ. డైరీ అంటే పాల కేంద్రం కాదు, వీధి మలుపులో ఉండే చిన్న కొట్టుని ఇక్కడ అట్లా అంటారు. పాలు, బ్రెడ్డు, చిప్స్, సిగరెట్లు, ఐస్‌క్రీములు అమ్ముతాం. ముందు కొట్టు, వెనక మా ఇల్లు. మా ఆయన శాండ్రింగ్‌హామ్‌లో ఒక రెస్టారెంట్‌లో వంట చేస్తాడు. ఆయన పొద్దున పోతే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. మా అమ్మాయి సిటీలో ఆఫీసుకి పోతుంది. కొట్టులో ఉండేది నేనొక్కదాన్నే. నా ఇంగ్లీషు కొట్టుకి సరిపడా ఇంగ్లీషు, దానితోనే ఇన్నేళ్ళు నడిపాను.

ఆ రోజు మధ్యాహ్నం వాన. ఇద్దరు టోపీలు ముఖం మీదకి లాక్కుని వచ్చారు. ఒకడు సుత్తి ఎత్తాడు. ఇంకొకడు కౌంటర్ మీద నుంచి ఇవతలికి దూకి సిగరెట్లన్నీ బ్యాగులోకి ఊడ్చుకున్నాడు. దూకేటప్పుడు వాడి కాలు తగిలి నా టీ గ్లాసు పడిపోయింది. వాడు నా ముఖం చూసి "సారీ" అన్నాడు. నా కొట్టు దోచుకుంటూ, టీ ఒలికినందుకు సారీ! ఆ సారీ గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

పోలీసులకి ఫోన్ చేశాను. గాజు ముక్కలన్నీ ఊడ్చి, ఇంకో టీ పెట్టుకుని తాగి, గ్లాసు కడిగి బోర్లించాక ఒక పోలీసమ్మాయి వచ్చింది. మంచి పిల్లే. ముందు, ఊడ్వకుండా ఉండాల్సింది అంది. తర్వాత నా భుజం మీద చెయ్యేసి, "మీరు చాలా కరెక్టుగా చేశారు" అంది.

"నేను ఏం చేశాను?" అని అడిగాను.

"ఏమీ చేయలేదు కదా, అదే కరెక్టు" అంది.

మా ఆయన వచ్చి కౌంటర్ చూశాడు, నన్ను చూశాడు. "పోయింది సిగరెట్లే గదా, పోనీలే" అన్నాడు. అమ్మాయేమో "అమ్మా, కొట్టు అమ్మేద్దాం" అంది. కొట్టు అమ్మేస్తే నేనేం చేయాలి? వెనకింట్లో కూర్చుని టీవీ చూడాలా? ఈ దేశంలో నేను తలెత్తుకుని నిలబడేది ఆ కౌంటర్ వెనకే. నాకు కావలసింది ఒక్కటే. మునుపటిలాగా అక్కడ భయం లేకుండా నిలబడాలి. తలుపు దగ్గర అడుగుల చప్పుడు వింటే గుండె దడదడలాడకూడదు. ఈ ముక్క ఎవరికీ ఎక్కలేదు.

ఎక్కింది మా చెల్లెలికే. అది టెక్సస్‌లో ఒక మోటెల్‌లో రిసెప్షన్‌లో పని చేస్తుంది. వీడియో కాల్ చేసి మొత్తం విని, "నువ్వేమన్నా చిన్నపిల్లవాక్కా, సుత్తి చూసి కొయ్యలాగా నిలబడేకి? ఒకటి కొనుక్కో" అంది.

"ఏంది కొనుక్కునేది?"

ఫోన్ పక్కకి తిప్పింది. హ్యాండ్‌బ్యాగు పక్కన జిప్పు తీసి నల్లటి తుపాకీ బయటికి తీసింది, పౌడర్ డబ్బా తీసినట్టు.

"ఓసినీ! ఏందే అది?"

"అరవాకక్కా. లైసెన్సుంది, ట్రైనింగుంది. ఈడ మోటెల్లో ఒంటరిగా ఉండేది నేను."

ఆ రోజు నుంచి అది నాకు పాఠాలు మొదలుపెట్టింది. కొట్టులో గిరాకీ లేనప్పుడు ఫోన్ చిప్స్ డబ్బాకి ఆనించుకుని వినేదాన్ని.

"గాజులు వేయించుకునేటప్పుడు ఏం చేస్తావు? చెయ్యి చాపుతావు, గాజులామె నొక్కి చూసి సైజు చెప్తాది. ఇదీ అంతే. చేత్తో పట్టి చూడకుండా కొంటే ఏడుస్తావు. పిడి అరచేతి నిండా కూర్చోవాల. చిటికెన వేలు గాల్లో ఏలాడకూడదు. చూపుడు వేలు సాగదీయకుండా ట్రిగ్గర్‌కి అందాల."

"నాకు చిన్నది చాల్లే. దాపెట్టుకునేకి బాగుంటాది."

"అందరూ ఈడనే మోసపోతారు. చిన్నది ముద్దుగుంటాది, తేలిగ్గుంటాది. కాలిస్తే చేతిని ఎగరగొడ్తాది, మళ్ళీ గురి కుదరదు. పెద్దదైతే బట్టల్లోంచి ఉబ్బుతాది, ఊరంతా చూస్తారు. మధ్యరకం చూసుకో. బ్యాగులో దాని అరలో అదొక్కటే ఉండాల. తాళాలు, పెన్నులు ఏవీ తగలకూడదు. ట్రిగ్గర్ కప్పేటట్టు గట్టి తొడుగుండాల."

"మరి చీర కట్టుకుంటే యాడ పెట్టుకుంటావే?"

"చీర కట్టుకున్న రోజు దేవుడే దిక్కు" అని అది నవ్వింది. నేనూ నవ్వాను. సుత్తి పడ్డాక నవ్వింది అప్పుడే.

సోమవారం మా ఆయనకి సెలవు. బతిమాలి, గొడవపడి, వేటసామాన్లు అమ్మే షాపుకి తీసుకుపొమ్మన్నాను. లోపలికి పోగానే ఆయన నాకూ ఆయనకీ సంబంధం లేనట్టు గాలాల వైపు పోయి నిలబడ్డాడు. నేనే కౌంటర్ దగ్గరికి పోయాను. గడ్డం పెద్దాయన ఉన్నాడు.

"తుపాకీ కావాలి. చిన్నది. చేతితో పట్టుకునేది."

"దేనికమ్మా? ఏదైనా క్లబ్బులో ఉన్నారా?"

"క్లబ్బు లేదు. నాకే. నాకు డైరీ ఉంది."

డైరీ అనగానే ఆయనకి అర్థమైపోయింది. ముఖం మెత్తబడింది. రెండు చేతులూ కౌంటర్ మీద పెట్టి నెమ్మదిగా చెప్పాడు. చేతి తుపాకీ అయితే క్లబ్బులో చేరి, అక్కడ అట్టముక్కల మీద కాల్చుకోవడానికేనంట. జేబులో పెట్టుకుని తిరగడానికి కుదరదంట. కుందేళ్ళకో జింకలకో అయితే పొడుగు తుపాకీకి లైసెన్సు అడగొచ్చంట. "నన్ను నేను కాపాడుకోవడానికి" అన్నామంటే మాత్రం ఆ కారణం ఈ దేశంలో చెల్లదంట.

"కుందేలు నాకేం చేసింది?" అని అడిగాను.

ఆయన నవ్వలేదు. సారీ అన్నాడు. ఇదింకో సారీ.

కళ్ళలోకి కొట్టే కారం స్ప్రే అయినా ఇమ్మన్నాను. అదీ కుదరదంట. మరి ఏది కుదురుతుంది? సుత్తి వాడికి సుత్తి ఏ షాపులోనైనా దొరుకుతుంది, ఎందుకని అడిగేవాడు లేడు. నాకే అన్ని ప్రశ్నలూ!

కారులో మా ఆయన, "నేను ముందే చెప్పలే?" అన్నాడు.

"ఏం చెప్పినావు? గాలాలు చూస్తాంటివి."

ఆ వారమే ఇంటి చిల్లర సామాన్లకని రెండు డాలర్ల షాపుకి పోయాను. ఆటబొమ్మల వరసలో తుపాకులు వేలాడుతున్నాయి. వాటి ముందు ఆగిపోయాను. పిచ్చిదాన్ని కాదు, బొమ్మని నాకూ తెలుసు. కానీ చెయ్యి చాపాను. ఒకటి సినిమాలో గుర్రం మీద వాడు పట్టుకునేంత పెద్దది. ఒకటి తాళంచెవుల గుత్తికి కట్టుకునేంత చిన్నది. మూడోది నల్లది, మధ్యరకం. పిడి అరచేతి నిండా కూర్చుంది. చిటికెన వేలు గాల్లో లేదు. చూపుడు వేలు సుఖంగా అందింది.

బిల్లు కొట్టే అమ్మాయి "మనవడికా?" అంది.

"నాకే" అన్నాను. ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వలేదు.

దాని మూతి దగ్గర నారింజ రంగు ముక్క ఉంది, బొమ్మ అని తెలియడానికి. ధరలు రాసే నల్ల మార్కర్‌తో దాన్ని రెండు పూతలు పూసి ఆరబెట్టాను. కొట్టులో వేసుకునే ఉన్ని కోటుకి లోపలి వైపు జేబు కుట్టాను. పాత జీన్స్ గుడ్డ, గట్టిది, దానికి అదొక్కటే. తాళాలు వేరే జేబులో. చెల్లెలు చెప్పినట్టే. వెనక గదిలో చిప్స్ అట్టపెట్టెల మధ్య నిలబడి తీయడం, పెట్టడం నేర్చుకున్నాను.

అది పేలదు, నాకు తెలుసు. కానీ ఉన్నిలోంచి దాని బరువు పక్కటెముకలకి ఆనుతుంటే తలుపు తెరుచుకున్నప్పుడు నా గుండె ఊరుకునేది. ఎదురింటి ముసలామె రోజూ పాలకి వస్తుంది, తెల్లామె, అందరినీ "లవ్" అని పిలుస్తుంది. ఆమే ఒకరోజు, "ఇప్పుడు నీ ముఖం బాగుంది లవ్, రంగొచ్చింది" అంది. దాన్ని ఒక్కసారి కూడా బయటికి తీయలేదు. ఎవరికీ చెప్పలేదు, చెల్లెలికి కూడా. ఎట్లా చెప్పను, రెండు డాలర్ల షాపులో కొన్నానని?

అట్లా దసరా వచ్చింది. మా సీమలో ఆయుధపూజ అంటే అన్నం పెట్టే ప్రతి వస్తువుకీ బొట్టు పెట్టాలి. ఇక్కడా మేం తప్పకుండా చేస్తాం. మా ఆయన ఆ రోజు సెలవు పెట్టి, తన కత్తులన్నీ, గరిటెతో సహా, గుడ్డలో చుట్టి తెచ్చుకుంటాడు. కొట్టు మధ్యలో పీట వేసి, అమ్మవారి ఫోటో పెట్టి, ముందు కత్తులు వరసగా పరుస్తాడు. నేను ధరల స్టిక్కర్లు కొట్టే మిషను, కత్తెర, తక్కెడ పెడతాను. బయట వ్యానుకి బొట్లు. గుమ్మంలో గుమ్మడికాయకి కుంకం నింపి దిష్టి తీసి పగలగొడతాం.

పొద్దున్నే తలంటుకుని పట్టుచీర కట్టాను. చీర మీద ఆ కోటు వేసుకోలేదు. కోటు కొక్కేనికి వేలాడుతోంది, జేబు బరువుగా కిందికి లాగుతోంది. దాన్ని చూస్తూ నిలబడ్డాను. ఇన్నాళ్ళూ నన్ను ఆ కౌంటర్ దగ్గర నిలబెట్టింది అదే. తక్కెడకి బొట్టు పెట్టి దాన్ని జేబులో దాచిపెడితే అమ్మవారికి కోపం రాదా? తీసి, పసుపు రాసి, కుంకం పెట్టి, స్టిక్కర్ల మిషను పక్కన పీట మీద పెట్టేశాను. నా తప్పు ఏదైనా ఉంటే అదీ. మా వాళ్ళు తప్ప ఇంకెవరూ అట్లాంటి పని చేయరేమో.

మా ఆయన గుమ్మడికాయ పగలగొట్టి, పంచె ఎగగట్టుకుని లోపలికి వచ్చాడు. పీట చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏ... ఏందే అది?"

"ఆయుధం."

"యాడిదే? ఎవరిచ్చినారే? ముందు తీసెయ్!"

"బొమ్మయ్యా. రెండు డాలర్ల షాపుది."

ఆయన వంగి చూశాడు. వేలితో పొడిచి చూశాడు. అప్పుడు ఊపిరి వదిలాడు. "బొమ్మకి పూజేందే?"

"నీ గరిటెకి చేస్తే లేదా?"

ఆయన కర్పూరం వెలిగించి అమ్మవారికి చూపించి, హారతి పళ్ళెం పట్టుకుని వ్యానుకి చూపించడానికి పక్క సందులోకి పోయాడు. నేను పులిహోర కలపడానికి వెనకింట్లోకి పోయాను. అమ్మాయి అక్కడ కొబ్బరి తురుముతోంది.

సరిగ్గా అప్పుడే ఎదురింటి ముసలామె పాలకి వచ్చింది. కొట్టులో మనిషి లేదు. గుమ్మంలో నేలంతా ఎర్రగా ఉంది. లోపల పీట మీద కత్తులు వరసగా ఉన్నాయి. వాటి పక్కన తుపాకీ, దాని మీదా ఎరుపే. ఆమె వెనక్కి తిరిగి, రోడ్డు దాటి, ఇంట్లోకి పోయి తలుపేసుకుని ఫోన్ చేసింది.

ఎంత తొందరగా వచ్చారనుకుంటున్నారు? పులిహోరలో తాలింపు ఇంకా చిటపటలాడుతోంది. వీధి రెండు వైపులా కార్లు అడ్డం పెట్టేశారు. ఎవరో మైకులో అరుస్తున్నారు. నేను చేతులకి పసుపన్నంతోనే బయటికి పరిగెత్తాను.

మా ఆయన వ్యాను పక్కన నిలబడి ఉన్నాడు. చొక్కా లేదు, పంచె, ఒంటి మీద విభూతి, చేతిలో మండుతున్న హారతి. పొడుగు తుపాకులు ఆయన రొమ్ము మీదకి చూస్తున్నాయి. నేను షాపులో అడిగితే కుందేళ్ళకని చెప్పిన తుపాకులే అవి.

"చేతిలోది కింద పెట్టు!" అని వాళ్ళు అరుస్తున్నారు.

"అయిపోతాంది సార్, ఆరిపోతాంది" అని ఈయన తెలుగులో చెప్తున్నాడు. భయంలో ఆయన ఇంగ్లీషు పోయింది.

"పెట్టేయయ్యా! నీకు దండం పెడతా, కింద పెట్టేయ్!"

"హారతి కింద పెట్టగూడదే!"

అమ్మాయి నా వెనక నుంచి గొంతు చించుకుని ఇంగ్లీషులో, అది బొమ్మ, ఇది పూజ, మా నాన్నని కాల్చొద్దు అని అరిచింది. కర్పూరం కొండెక్కింది. అప్పుడు ఆయన వంగి పళ్ళెం నేల మీద పెట్టాడు. ఆయన వంగేటప్పుడు నా ప్రాణం ఎక్కడికి పోయిందో నాకే తెలుసు.

మా ముగ్గురినీ పేవ్‌మెంట్ మీద మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. కుంకం మీద, పట్టుచీరతో. వీధంతా చూసింది. లోపలికి పోయిన పోలీసాయన కాసేపటికి గ్లవ్ వేసుకున్న వేళ్ళతో నా బొమ్మని పట్టుకుని వచ్చాడు. పెద్దాయన దాన్ని తిప్పి చూసి, మూతి దగ్గర గోరుతో గీరాడు. నల్ల మార్కర్ ఊడి నారింజ రంగు బయటపడింది.

"ఇది ఎందుకు నల్లగా చేశారు?" అన్నాడు. అరవలేదు. "అమ్మా, మీ ఆయన చేతిలో పళ్ళెం బదులు ఇది ఉండి ఉంటే, ఇది బొమ్మని తెలుసుకునే టైము మాకు ఉండేది కాదు."

అతను చెప్పింది నిజమే. నిజం కాబట్టే నాకు ఇంకా మండింది.

"సుత్తి వచ్చిన రోజు ఈ కార్లన్నీ ఎక్కడున్నాయి?" అని అడిగాను. నా ఇంగ్లీషులోనే అడిగాను, అర్థమయ్యేటట్టే అడిగాను. "ఆ రోజు టీ పెట్టుకుని తాగాను, గ్లాసు కడిగాను. అప్పుడు వచ్చింది ఒక్క పిల్ల. ఈ రోజు ప్లాస్టిక్ ముక్కకి కుంకం పెడితే ఇంతమందా?"

ఆయన ఇంకోసారి ఇట్లా చేస్తే కేసు పెడతామని చెప్పి, కొట్టు తలుపుకి తాళం, బెల్లు పెట్టించుకోమని చెప్పి, బొమ్మని పసుపు కుంకాలతో సహా ప్లాస్టిక్ సంచీలో వేసుకుని పోయాడు.

మర్నాడు ముసలామె వచ్చింది. గుమ్మం అవతలే నిలబడింది, చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం. ఆమెని కడిగేద్దామని రాత్రంతా మాటలు కూడగట్టుకుని ఉన్నాను.

"నిన్ను చంపేశారనుకున్నా లవ్" అంది. "సుత్తి రోజు నాకు తెలీలేదు. ఈసారైనా లేటు చేయకూడదనుకున్నా."

నేను చెయ్యి చాపి పళ్ళెం అందుకున్నాను. పళ్ళెంలో స్కోన్లు, వాళ్ళు ఇంట్లో కాల్చుకునే చిన్న రొట్టెలు, ఇంకా వేడిగా ఉన్నాయి. గుమ్మడికాయ సంగతి ఆమెకి చెప్పాను. అర్థమైందో లేదో, తలూపింది.

చెల్లెలు మాత్రం ఫోన్‌లో ఎగిరింది. "నీకు నిజమైనది ఇచ్చింటే ఈ తిప్పలు ఉండేవా అక్కా? ఎవరికీ భయపడే పని ఉండేదా?"

"నిజమైనదయితే అదీ పీట మీదే పెట్టింటా. దాన్ని చూసి మీ బావ చేతిలోకి తీసుకునింటాడు. ఈ రోజు నీకు బావ ఉండేవాడు కాదు."

నేనే మళ్ళీ అడిగాను.

"నీకు ఇచ్చినారు గదా. నీకు భయం పోయిందా? నిజం చెప్పు."

"లేదక్కా" అంది మెల్లగా. "తలుపు మీద ఒక కన్ను, బ్యాగు మీద ఒక కన్ను. ఎవరన్నా బ్యాగు జరిపినా ఉలిక్కిపడతా."

తర్వాత మా అమ్మాయి తలుపుకి తాళం పెట్టించింది. బయట ఒక బటను, నా కౌంటర్ కింద ఒక బటను. వచ్చినవాళ్ళు బయటిది నొక్కాలి, నేను అద్దంలోంచి ముఖం చూసి లోపలిది నొక్కాలి. ఇప్పుడు నన్నెవరూ సుత్తితో బెదిరించలేరు అంటుంది అమ్మాయి. నిజమే. నా గుండె దడ తగ్గింది. కానీ ఎన్నేళ్ళుగానో తలుపు తోసుకుని నవ్వుతూ వచ్చే మనుషులు ఇప్పుడు వానలో నిలబడి, టోపీ వెనక్కి తీసి, దొంగలు కామని నాకు ముఖం చూపిస్తున్నారు. దొంగతనం చేసినవాళ్ళేమో ఎక్కడో హాయిగా ఉన్నారు. తాళం వేసుకున్నది నేను.

ఈ ఏడు దసరాకి మళ్ళీ పీట వేశాం. కత్తులు పెట్టాడు మా ఆయన, నేను తక్కెడా మిషనూ పెట్టాను. గుమ్మడికాయ పగలగొట్టే ముందు ఎదురింటికి పోయి ముసలామెకి చెప్పి వచ్చాను. చివరికి కుంకం భరిణె పట్టుకుని కౌంటర్ వెనక్కి పోయి, వంగి, ఆ బటనుకి కూడా బొట్టు పెట్టాను. ఈ దేశం నా చేతికి ఇచ్చిన ఆయుధం అదొక్కటే మరి. కోపంగానే పెట్టాను.

బయట బెల్లు మోగింది. ముసలామె, పాలకి. కుంకం వేలితోనే నొక్కాను.